విపత్తు వేళ తల్లిదండ్రులను కోల్పోయిన బాలలు: ఇరుగుపొరుగు అండ, చట్టం గీసిన హద్దులు

ప్రత్యేక వ్యాసం
(పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల నిమిత్తం)

కోవిడ్-19 మహమ్మారి కాలంలో తల్లినో, తండ్రినో, ఇరువురినీ కోల్పోయిన బాలలు, దిక్కులేక విడిచిపెట్టబడిన బాలలు కలిపి దేశవ్యాప్తంగా 1,47,492 మంది ఉన్నట్లు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు నివేదించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి 2022 జనవరి 11 వరకు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ‘బాల్ స్వరాజ్’ పోర్టల్‌లో నమోదు చేసిన వివరాలే ఈ లెక్కకు ఆధారం. కోవిడ్ మరణాలతో పాటు అదే కాలంలో ఇతర కారణాల వలన సంభవించిన మరణాలు కూడా ఇందులో చేరి ఉన్నాయి. ఇరువురినీ కోల్పోయినవారు 10,094 మంది. ఒకరిని కోల్పోయినవారు 1,36,910 మంది. విడిచిపెట్టబడినవారు 488 మంది.

ఈ అంకెలు నాటి పత్రికలన్నింటిలోనూ ప్రముఖంగా వచ్చాయి. అదే నివేదికలో ఉన్న మరొక పట్టికకు మాత్రం అంతటి ప్రాచుర్యం లభించలేదు. ఆ బాలలు ఎవరి వద్ద ఉన్నారన్నది అందులోని విషయం. బతికి ఉన్న తల్లి లేదా తండ్రి వద్ద 1,25,205 మంది, కుటుంబ సభ్యుల వద్ద 11,272 మంది, సంరక్షకుల వద్ద 8,450 మంది ఉండగా, బాలల సదనాలలో ఉన్నవారు 1,529 మంది మాత్రమే. అనగా నూటికి ఒక్కరు. మిగిలినవారిలో దాదాపు అందరినీ ఆదుకున్నది ఒంటరి తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామ, బాబాయి, వారికి చేదోడుగా నిలిచిన వీధివారు, ఊరివారు. విపత్తు సమయంలో బాలలకు సమాజం అండ అన్న మాటను సభల్లో తరచు వింటుంటాము. దాని అసలు స్వరూపం ఈ పట్టికలో ఉంది. ప్రభుత్వ యంత్రాంగం చేయవలసిన పనిలో అధిక భాగం ఆ ఇళ్లు కూలిపోకుండా నిలబెట్టడమే.

తీరప్రాంతపు అనుభవం

తెలుగు ప్రాంతానికి ఈ సమస్య కొత్తది కాదు. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పది వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు గ్రామాలకు గ్రామాలే తుడిచిపెట్టుకుపోవడం వలన పిల్లలను ఆదుకోవలసిన ఇరుగుపొరుగు సైతం మిగలని పరిస్థితి పలుచోట్ల ఏర్పడింది. ఆ ఉప్పెన తరువాత కోస్తా గ్రామాల్లో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు నిర్మించిన తుపాను రక్షిత భవనాలలో అనేకం మామూలు రోజుల్లో పాఠశాలలుగా ఉపయోగపడుతూ వచ్చాయి. పిల్లలు నిత్యం వెళ్లివచ్చే చోటే ఆపద నాటి ఆశ్రయం కూడా కావడంలోని సౌలభ్యం గమనింపదగినది.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఆంధ్రప్రదేశ్ తీరంలో 105 మంది మరణించగా, పొరుగున తమిళనాడులో సుమారు 8 వేల మంది మరణించారు. వారిలో ఆరు వేలకు పైగా ఒక్క నాగపట్నం జిల్లాకు చెందినవారే. అనాథలైన పిల్లలను దత్తత తీసుకుంటామంటూ నలుమూలల నుంచి ముందుకు వచ్చినవారికి తమిళనాడు ప్రభుత్వం తొలి దినాల్లో అనుమతి ఇవ్వలేదు. నాగపట్నం, కడలూరు, కన్యాకుమారి జిల్లాల్లో ప్రత్యేక ప్రభుత్వ సదనాలను ప్రారంభించి, పిల్లల పేరిట 5 లక్షల రూపాయల చొప్పున డిపాజిట్ చేయడం జరిగింది. దత్తతపై ఆంక్ష కఠినంగా తోచినప్పటికీ దానికి బలమైన కారణం ఉంది. విపత్తు జరిగిన వారం రోజుల్లో ఏ బిడ్డ అనాథ, ఏ బిడ్డ తప్పిపోయినవాడు అన్నది ఎవరికీ నిశ్చయంగా తెలియదు. సహాయ శిబిరంలో ఒంటరిగా ఉన్న బిడ్డ కోసం మరొక శిబిరంలో తల్లి వెదుకుతూ ఉండవచ్చు.

2021 వేసవి

కోవిడ్ రెండవ ఉద్ధృతి తెచ్చిన ఇబ్బంది వేరు రకమైనది. తుపాను, భూకంపం వంటి విపత్తులలో చుట్టుపక్కలవారు పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంటారు. కోవిడ్ కాలంలో గడప దాటడమే భయమైంది. తల్లిదండ్రులు ఇరువురూ ఒకేసారి ఆసుపత్రిలో చేరగా, పిల్లలు తాళం వేసిన గుమ్మం వెనుక రోజుల తరబడి గడపవలసి వచ్చిన ఇళ్లు ఉన్నాయి. పక్కింటివారు అన్నం గిన్నె గుమ్మం ముందు పెట్టి, దూరంగా నిలబడి పిలిచేవారు. ఆ భయంలో కూడా ఆ గిన్నె అక్కడికి చేరడం చిన్న విషయం కాదు.

ఆసుపత్రిలో చేరే రోగి తనకు ఏమైనా జరిగిన పక్షంలో పిల్లలను ఎవరికి అప్పగించాలో చేరిక పత్రంలోనే తెలియజేసేందుకు వీలు కల్పించవలసినదిగా కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2021 మేలో ఆరోగ్య శాఖను కోరింది. ఒక గడి, రెండు పేర్లు. మహమ్మారి ముగిసినప్పటికీ ఆ గడి అవసరం ముగిసిందని చెప్పలేము. ప్రమాద వార్డులలో సైతం దానిని కొనసాగించదగును.

అదే నెలలో సామాజిక మాధ్యమాలలో కొన్ని సందేశాలు విస్తృతంగా వ్యాపించాయి. తల్లిదండ్రులు కోవిడ్‌తో మరణించారని, పసిబిడ్డలు ఉన్నారని, దత్తతకు కావలసినవారు ఫలానా నంబరుకు ఫోను చేయవలసిందని వాటి సారాంశం. పంపినవారిలో అనేకులు జాలితోనే పంపి ఉంటారు. కాని పిల్లల అక్రమ రవాణాకు ఇంతకంటే సులువైన ద్వారం లేదు. ఆ సందేశాలను నమ్మవద్దని, పంచుకోవద్దని కేంద్ర ప్రభుత్వం, జాతీయ కమిషన్ హెచ్చరికలు జారీ చేశాయి. బాలల రక్షణ విషయమై సుప్రీంకోర్టు స్వచ్ఛందంగా విచారణకు స్వీకరించిన కేసులో, తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ అనిరుద్ధ బోస్ ధర్మాసనం 2021 జూన్ 7న ఉత్తర్వులు వెలువరించింది. బాధిత బాలల పేర్లు, గుర్తింపు వెల్లడించి విరాళాలు సేకరించడాన్ని, దత్తతకు ఆహ్వానించడాన్ని అరికట్టాలని, చట్ట విరుద్ధ దత్తతలకు పాల్పడేవారిపై కఠిన చర్యలు గైకొనాలని రాష్ట్రాలను ఆదేశించింది. పిల్లలు ప్రభుత్వ పాఠశాలలో చదువుతున్నా, ప్రైవేటు పాఠశాలలో చదువుతున్నా వారి చదువు కొనసాగేలా చూడాలన్నది అదే ఉత్తర్వులోని మరొక ముఖ్యాంశం.

చట్టం ఏమంటున్నది

బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం ఆలనాపాలనా అవసరమైన బిడ్డను 24 గంటల లోగా, ప్రయాణ కాలం మినహాయించి, బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. ఒంటరిగా ఉన్న బిడ్డను చూసిన ప్రతి వ్యక్తీ, ఆసుపత్రి సిబ్బందితో సహా, అదే గడువులో పోలీసులకు గాని, సమితికి గాని, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గాని, చైల్డ్‌లైన్‌కు గాని తెలియజేయడం విధి. దత్తత నియమాలను తప్పించి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది. బిడ్డ ఎవరి అధీనంలో ఉన్నాడో వారే, ఆసుపత్రి ఉద్యోగులైనా సరే, ఆ నేరానికి పాల్పడితే శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు ఉంటుంది.

సమితి ఎదుట హాజరుపరచడం అంటే బిడ్డను సదనానికి పంపివేయడమే అన్న అపోహ గ్రామాల్లో బలంగా ఉంది. ఈ భయంతోనే పలువురు బంధువులు సమాచారం ఇవ్వడానికి వెనుకాడతారు. వాస్తవానికి కుటుంబంలో పెరగడమే బిడ్డకు మేలని, సంస్థలో చేర్చడం చివరి మార్గం కావాలని చట్టమే మూల సూత్రాలలో చెబుతున్నది. సమితి విచారించి, తగిన బంధువుకు బిడ్డను అప్పగించి, ఆ ఇంటికి ఆర్థిక సహాయం సిఫారసు చేయగలదు. ఈ ఒక్క విషయాన్ని గ్రామసభలో విడమరచి చెబితే సగం అడ్డంకులు తొలగుతాయి.

బంధువు అన్న పదానికి చట్టం ఇచ్చిన నిర్వచనం కూడా తెలుసుకోదగినది. తండ్రి తరఫు, తల్లి తరఫు ‘అంకుల్’, ‘ఆంటీ’, తాత, బామ్మ, అమ్మమ్మ దాని పరిధిలోకి వస్తారు. ఆంగ్ల పాఠంలో రెండు మాటలతో సరిపెట్టిన బంధుత్వాలు తెలుగులో పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని. విచారణ పత్రాల్లో ‘అంకుల్’ అని రాసి ఊరుకోక, ఏ వరుసయో స్పష్టంగా రాయడం వలన తరువాతి కాలంలో ఆస్తి వివాదాల్లో ఎంతో మేలు జరుగుతుంది.

ఆస్తి ప్రస్తావన ఇక్కడ అవసరం. మరణించిన తండ్రి పేరిట ఎకరం పొలమో, చిన్న ఇల్లో ఉన్నప్పుడు బిడ్డను చేరదీసే చేతుల్లో కొన్ని ఆ పొలం వైపు చూసేవి కూడా ఉంటాయి. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 ప్రకారం మైనరు స్థిరాస్తిని అమ్మాలంటే సహజ సంరక్షకులకైనా న్యాయస్థానం అనుమతి తప్పనిసరి. కేవలం బిడ్డను పోషిస్తున్నామన్న కారణంతో బంధువులకు ఆ ఆస్తిని అమ్మే హక్కు రాదు. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ సిబ్బంది ఈ అంశాన్ని జ్ఞాపకం ఉంచుకోవలసి ఉంటుంది.

సహాయ పథకాలు, అందని ఇళ్లు

కోవిడ్ వలన అనాథలైన బాలల పేరిట 10 లక్షల రూపాయల చొప్పున డిపాజిట్ చేయాలని, దానిపై వచ్చే వడ్డీని పోషణ నిమిత్తం అందజేసి, 25 ఏళ్లు నిండిన తరువాత అసలు తీసుకునే వీలు కల్పించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మేలో నిర్ణయించింది. అదే నెల 29న కేంద్రం ‘పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్’ పథకాన్ని ప్రకటించింది. 18 ఏళ్లు నిండే నాటికి 10 లక్షల రూపాయల నిధి, 18 నుంచి 23 ఏళ్ల వరకు నెలవారీ భృతి, 23వ ఏట మొత్తం సొమ్ము, 5 లక్షల రూపాయల ఆరోగ్య బీమా అందులోని ప్రధానాంశాలు. దేశం మొత్తం మీద నాలుగు వేలకు పైగా బాలలు దీని కింద ఎంపికయ్యారు.

పై పథకాలు రెండూ తల్లిదండ్రులు ఇరువురూ లేని బాలలను ఉద్దేశించినవి. అది న్యాయమే. అయితే ఒకరిని కోల్పోయిన 1,36,910 మంది సంగతి వేరుగా చూడవలసి ఉంది. సంపాదించే తండ్రి పోయిన ఇంట్లో తల్లి బతికి ఉన్నంత మాత్రాన పిల్లల బడి ఫీజు, ఇంటి అద్దె ఆగవు. ప్రతి కోవిడ్ మరణానికి రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి 50 వేల రూపాయల సహాయం ఇవ్వాలన్న నిర్ణయం వలన ఈ కుటుంబాలకు కొంత ఊరట కలిగింది. ఆసుపత్రి బయట జరిగినప్పటికీ, పరీక్ష నాటి నుంచి 30 రోజుల లోపు సంభవించిన మరణాన్ని కోవిడ్ మరణంగా పరిగణించాలన్న 2021 సెప్టెంబరు మార్గదర్శకాలు వచ్చేవరకు, ఇంటి వద్ద మరణించినవారి కుటుంబాలు ధ్రువపత్రం కోసం ఎన్నో కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చింది. అసలు పరీక్షే చేయించుకోకుండా మరణించినవారి పిల్లలకు ఆ మార్గం కూడా సులువు కాలేదు.

ఇటువంటి ఇళ్లకు దీర్ఘకాలం ఉపయోగపడేది మిషన్ వాత్సల్య కింద లభించే స్పాన్సర్‌షిప్ సహాయం. నెలకు 4 వేల రూపాయలు. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72 వేల రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 96 వేల రూపాయలు మించరాదు. వితంతువుల పిల్లలు, బంధువుల ఇంట పెరుగుతున్న అనాథ బాలలు దీనికి అర్హులు. మొదటి రోజున లభించే డిపాజిట్ పత్రం వార్త అవుతుంది. నెలనెలా ఖాతాలో పడే 4 వేలు వార్త కాదు. బిడ్డ బడి మానకుండా ఉండేది మాత్రం తరచు ఈ రెండవ దాని వలననే.

ఊరి కమిటీ, బడి హాజరు పట్టీ

కుటుంబ పెద్ద మరణించిన ఇంట్లో ఆడపిల్లకు తొందరగా పెళ్లి, మగపిల్లవాడికి తొందరగా కూలి సిద్ధమవుతాయి. కర్నూలు, గద్వాల ప్రాంతాల పత్తి విత్తన క్షేత్రాలలో పువ్వు దాటించే పనికి చిన్నపిల్లల చేతులనే ఎంచుకున్న చరిత్ర ఉంది. బడులు మూతబడిన 2020, 2021 సంవత్సరాలలో ఈ ప్రమాదం మరింత పెరిగింది. దీనిని ముందుగా పసిగట్టగలిగేది ఊరిలోనివారే. శుభలేఖ అచ్చు కాకమునుపే వీధికి కబురు తెలుస్తుంది.

ఈ విషయమై తెలుగు నేలకు గట్టి అనుభవం ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో 1990 దశకంలో ప్రారంభించిన ఉద్యమంలో ఉపాధ్యాయులు, యువకులు, పంచాయతీ సభ్యులు కలిసి బడి బయట ఉన్న ప్రతి బిడ్డ పేరు రాసుకుని, ఇంటింటికీ తిరిగి, శిబిరాలలో చదువు నేర్పి, తిరిగి బడిలో చేర్పించారు. ఆ కృషికి నాయకత్వం వహించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. జాబితా ఊరివారి చేతిలో ఉండటం ఆ పద్ధతిలోని కీలకం. అధికారి బదిలీ అయినా జాబితా బదిలీ కాదు.

సర్పంచి ఆధ్వర్యంలో పనిచేయవలసిన గ్రామ బాలల పరిరక్షణ కమిటీలు కాగితంపై చాలాచోట్ల ఉన్నాయి. సమావేశాల పుస్తకం తెరిచి చూస్తే కొన్నింటిలో మొదటి తీర్మానమే చివరి తీర్మానంగా కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, ప్రధానోపాధ్యాయుడు, స్వయం సహాయక సంఘం నాయకురాలు నెలకొకసారి పావుగంట కూర్చుని హాజరు పట్టీని, ఇటీవలి మరణాల నమోదును పక్కపక్కన పెట్టి చూసుకుంటే, వరుసగా పది రోజులు బడికి రాని పేరు దానంతట అదే బయటపడుతుంది. దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు.

బడులు మూసి ఉన్న కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలను ఇళ్లకే చేర్చారు. సరుకులతో గుమ్మం వద్దకు వెళ్లిన మనిషి ఆ ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారో కళ్లారా చూసేవారు. సరుకుల పంపిణీని కేవలం పంపిణీగా చూడరాదనడానికి ఇదే కారణం.

మనోవ్యథ

దుఃఖించే అవకాశం కూడా ఆనాటి పిల్లలకు సరిగా దక్కలేదు. తండ్రి ఆసుపత్రికి నడిచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. చివరి చూపు లేదు, పదిమందీ వచ్చి పలకరించే కర్మకాండ లేదు. ఏమీ తెలియదనుకుని పెద్దలు దాచిన సంగతి పిల్లలకు పక్కింటి మాటల ద్వారా తెలిసింది. నిజాన్ని వయసుకు తగిన మాటల్లో చెప్పడం, అడిగిన ప్రశ్నకు విసుగు లేకుండా మళ్లీ మళ్లీ జవాబివ్వడం, నిద్ర, భోజనం, బడి వేళలు మారకుండా చూడటం, తోబుట్టువులను విడదీయకపోవడం ప్రాథమిక సూత్రాలు. అక్కను ఒక బంధువు ఇంటికి, తమ్ముణ్ణి మరొక బంధువు ఇంటికి పంపడం సౌకర్యంగా తోచవచ్చు. ఆ పిల్లలకు మాత్రం అది రెండవ మరణం వంటిది. బెంగళూరులోని నిమ్హాన్స్ ‘సంవాద్’ కార్యక్రమం ద్వారా బాలలతో పనిచేసే సిబ్బందికి ఈ అంశాలపై శిక్షణ ఇస్తున్నది. మాట తగ్గిపోవడం, పక్క తడపడం, చిన్న విషయాలకే కోపం వంటి లక్షణాలు వారాల తరబడి తగ్గకపోతే వైద్యుని వద్దకు పంపాలి.

ఛాయాచిత్రాలు, పేర్లు

బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ఆలనాపాలనా అవసరమైన బాలల పేరు, చిరునామా, పాఠశాల, గుర్తించడానికి వీలు కల్పించే ఏ వివరమైనా ప్రచురించడాన్ని నిషేధిస్తున్నది. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ముఖం మసకచేసి, ఊరి పేరు, వీధి పేరు, తండ్రి వృత్తి, పిల్లల వయసులు ప్రచురిస్తే గుర్తింపు దాచినట్లు కాదు. వార్త కింద బ్యాంకు ఖాతా సంఖ్య ముద్రించి సహాయం కోరడం సదుద్దేశంతోనే జరుగుతుంది. ఆ ఇంటికి డబ్బు వచ్చిన సంగతి, ఆ ఇంట్లో పెద్దదిక్కు లేని సంగతి ఒకేసారి లోకానికి తెలిసిపోతుంది. దాతలను జిల్లా బాలల పరిరక్షణ విభాగం వైపు మళ్లించడం క్షేమకరం.

ఈ నియమం పత్రికలకే పరిమితం కాదు. వేదికపై బిడ్డను నిలబెట్టి, చెక్కు నమూనా చేతికిచ్చి తీసే ఛాయాచిత్రం ప్రభుత్వ శాఖల నుంచి విడుదలైనా తప్పు తప్పే. చెక్కు ఇచ్చే చేయి, అందుకునే చేయి కనిపిస్తే వార్తకు లోటేమీ ఉండదు.

బాలల సహాయ నంబరు 1098 ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది. 2023 నుంచి దీనిని అత్యవసర స్పందన నంబరు 112తో అనుసంధానించి, రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా నిర్వహించడం జరుగుతున్నది.

2022 జనవరి నివేదికలోని బాలలలో అత్యధికులు, 59,010 మంది, 8 నుంచి 13 ఏళ్ల వయసువారు. వీరికి 2026 నుంచి 2032 మధ్య 18 ఏళ్లు నిండుతాయి. స్పాన్సర్‌షిప్ సహాయం 18 ఏళ్లతో ముగుస్తుంది. సదనాల నుంచి బయటికి వచ్చే యువతకు చట్టంలోని 46వ సెక్షన్ కింద 21 ఏళ్ల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 23 ఏళ్ల వరకు తదనంతర సంరక్షణ లభించే వీలుంది. ఒంటరి తల్లి వద్దనో, అమ్మమ్మ వద్దనో పెరిగి 18 ఏళ్లు దాటిన వారికి ఆ సెక్షన్ వర్తించదు. డిగ్రీ, ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులో ఉన్న ఇటువంటి యువతీయువకుల పేర్లను 18 ఏళ్లు నిండకమునుపే గుర్తించి, వారు అర్హులైన ఉపకార వేతనాలు, వసతి గృహ ప్రవేశాల కోసం దరఖాస్తు చేయించడం జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, విద్యా, సంక్షేమ శాఖల ముందున్న పని.